కొట్లాట కేసుల్లో శిక్ష ఎక్కడ తేలుతుంది?

పిడిగుద్దులు గుద్ది చేయి విరగ్గొడితే చట్టంలో గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. చిన్న కత్తితో ముంజేతి మీద గీత పెడితే 3 ఏళ్లు. అయినా చేయి విరగ్గొట్టినవాడు స్టేషన్ బెయిల్ మీద ఇంటికి పోవచ్చు. కత్తి గీత పెట్టినవాడికి మాత్రం బెయిల్ హక్కుగా రాదు. ఇది తప్పుగా అచ్చయిన మాట కాదు, చట్టం అలాగే ఉంది. ఎందుకలా అన్నది అర్థమైతే కొట్లాట కేసుల లెక్క సగం అర్థమైనట్టే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ కేసులు ఎక్కడ పుడతాయో అందరికీ తెలిసిందే. కయ్య గెనిమ జరిపారని, తూము మూసి నీళ్లు పక్క పొలానికి తిప్పారని, రొయ్యల గుంట నుంచి ఉప్పునీళ్లు మళ్లలోకి వదిలారని, ఇంటి ముందు దారికి అడ్డంగా గోడ లేపారని గొడవలు మొదలవుతాయి. గొడవ స్టేషన్ దాకా వచ్చాక రెండు వైపులవాళ్లూ అడిగేది ఒకటే: "ఎన్నేళ్లు పడుద్ది సార్?" ఎఫ్ఐఆర్ మీద ఏ సెక్షన్ రాశారో చూసి దీనికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది. ఆ జవాబును నమ్మొద్దు. గాయం ఎలాంటిది, దేంతో కొట్టారు, ఏ ఉద్దేశంతో కొట్టారు, ఈ మూడూ కోర్టులో రుజువైన మేరకే శిక్ష పడుతుంది. ఆ రుజువులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లో ఆస్పత్రిలో, స్టేషన్‌లో రాసే కాగితాల్లోనే ఉంటుంది.

ముందు గొడవ జరిగిన తేదీ చూడాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, అమల్లోకి వచ్చింది. అంతకుముందు రోజు వరకు జరిగిన కొట్లాటకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, తీర్పు ఎప్పుడొచ్చినా సరే. అందుకే ఇప్పటికీ ఒకే కోర్టు హాల్లో ఒక కేసు త్రీ ట్వంటీ ఫోర్ అని, పక్క కేసు 118 అని పిలుస్తుంటారు. పాత 323 ఇప్పుడు 115(2), పాత 324 ఇప్పుడు 118(1), 325 ఇప్పుడు 117(2), 326 ఇప్పుడు 118(2), అందరి నోళ్లలో నానిన త్రీ నాట్ సెవెన్ ఇప్పుడు 109. నంబర్లతో పాటు లోపలి కొలతలు కూడా కొన్ని మారాయి. అవి వచ్చినచోట చెబుతాను.

మామూలు దెబ్బలకు, అంటే వాపు, కమిలిన మచ్చ, గీరుకుపోవడం లాంటివాటికి, 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయగల నేరం కాదు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. కానీ అదే కేసులో పోలీసులు సొంతంగా పట్టగల నేరం ఒక్కటి ఉన్నా మొత్తం కేసును దర్యాప్తు చేయొచ్చు. మన ఎఫ్ఐఆర్‌లలో 115(2) పక్కన దారి అడ్డగించడం అనే 126(2) తరచూ కనిపించేది అందుకే. దాని శిక్ష నెల రోజులే అయినా, అది ఉంటే ఎస్సైకి దర్యాప్తు అధికారం వస్తుంది. నిజంగా దారి అడ్డగించి కొట్టి ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. అలా జరగకపోతే రాయకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట జారిపోయే మాట అదే.

తీవ్ర గాయం, కోర్టు భాషలో గ్రీవియస్, అంటే ఏమిటో సెక్షన్ 116 ఎనిమిది రకాలుగా చెబుతుంది. కన్ను శాశ్వతంగా పోవడం, చెవి శాశ్వతంగా వినిపించకపోవడం, పుంసత్వం పోవడం, అవయవమో కీలో తెగిపోవడం, తెగకపోయినా దాని శక్తి శాశ్వతంగా దెబ్బతినడం, తల మీదో ముఖం మీదో చెరగని వికారం, ఎముక గానీ పన్ను గానీ విరగడం లేదా స్థానం తప్పడం, చివరిది ప్రాణం మీదికి తెచ్చిన గాయం లేదా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పి పెట్టిన, లేదా రోజువారీ పనులు చేసుకోలేకుండా చేసిన గాయం. ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. ఈ జాబితాలో లేనిది ఎంత భయంకరంగా కనిపించినా చట్టం దృష్టిలో మామూలు గాయమే. తల మీద పది కుట్లు పడినా, ఎముకకు ఏమీ కాకపోతే, ప్రాణాపాయమని డాక్టరు చెప్పకపోతే, 15 రోజుల ఇబ్బంది రుజువు కాకపోతే అది సింపుల్. రక్తం ఎంత కారిందన్నది కొలమానం కాదు. గాయపడినవాళ్ల ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పడం చాలా కష్టం, కానీ మొదటిరోజే చెప్పాలి.

15 రోజుల విషయంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. ఆస్పత్రిలో 15 రోజులు మంచం మీద ఉంటే చాలు, కేసు పెద్దదవుతుందని ఎవరో చెబుతారు. డిశ్చార్జ్ చేస్తామన్నా కదలరు. ఆస్పత్రిలో ఉన్న రోజుల లెక్క ఒక్కటే రుజువు కాదు. తీవ్రమైన నొప్పి ఉన్నట్టో, తన పని తాను చేసుకోలేకపోయినట్టో కేస్‌షీటులో రోజురోజుకూ కనిపించాలి. మందులు ఆపేసి ఊరికే ఉంచుకున్నట్టు షీటులో ఉంటే డాక్టరు సాక్ష్యమే ఎదురు తిరుగుతుంది.

ఎముక విరిగిందనడానికి రెండు ముక్కలు కానక్కర్లేదు. బీట పడినా, కొడవలి దెబ్బకు ఎముక కొంత మేర తెగినా అది విరగడమే అని హోరీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను కూడా అంతే, ఒక్క పన్ను విరిగినా గ్రీవియస్. అయితే చిగుళ్ల వ్యాధితో ముందే కదులుతున్న పన్ను అని ఎదుటి లాయరు అడుగుతాడు. కాబట్టి అదేరోజు పళ్ల డాక్టరుకు చూపించి, సాకెట్‌లో తాజా రక్తస్రావం ఉందో లేదో రాయించుకోవాలి.

చేతులతో కొట్టి తీవ్ర గాయం చేస్తే 117(2): 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ఆ గాయంతో మనిషి శాశ్వత వికలాంగుడైనా, స్పృహలేని జీవచ్ఛవమైనా 117(3): కనీసం 10 ఏళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా చివరి శ్వాస వరకు జైలు. ఇది ఐపీసీలో లేదు, కొత్తగా పెట్టారు. వెన్నుపూస దెబ్బతిని కాళ్లు పడిపోయిన కేసుల్లో మొదట 117(2) అని రాసి వదిలేయడం సరికాదు. గాయపడిన మనిషి కోలుకోవడం లేదని తేలాక వికలాంగత్వం గురించి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెచ్చి దర్యాప్తు అధికారికి ఇవ్వాలి, సెక్షన్ మార్చమని రాతపూర్వకంగా అడగాలి. పోలీసులు కోర్టుకు ఆల్టరేషన్ మెమో వేసి సెక్షన్ మారుస్తారు. గాయపడినవాడు ఆ దెబ్బల వల్లే నెల తర్వాత చనిపోయినా అదే మెమోతో కేసు హత్యగానో, హత్య కాని నరహత్యగానో మారుతుంది.

ఆయుధం వస్తే లెక్క మారిపోతుంది. కాల్చే, పొడిచే, కోసే పరికరంతో, లేదా కొట్టడానికి వాడితే ప్రాణం తీయగల వస్తువుతో, లేదా నిప్పు, మరిగే ద్రవం, విషం, ఒంటిని తినేసే రసాయనం, పేలుడు పదార్థం, జంతువు వీటితో మామూలు గాయం చేసినా 118(1): 3 ఏళ్ల వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయం చేస్తే 118(2): యావజ్జీవం, లేదా ఏడాదికి తగ్గకుండా 10 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ఆ ఏడాది కనీస శిక్ష పాత 326లో లేదు. 118(1), 118(2) రెండూ నాన్ బెయిలబుల్. మొదట చెప్పిన వింతకు కారణం ఇదే: చట్టం ఇక్కడ గాయం కంటే చేతిలోని ఆయుధాన్ని చూసి భయపడుతుంది. కత్తి తీసినవాడు ఈసారి గీత పెట్టాడు, రెండోసారి ఏం చేస్తాడో తెలియదు కదా.

కత్తి, గొడ్డలి, వేటకొడవలి విషయంలో తగాదా లేదు. తగాదా అంతా కర్ర, రాయి, పార కామ దగ్గరే. కర్ర అయితే ఎంత పొడవు, ఎంత లావు, ఏ చెట్టుది అని అడుగుతారు. రాయి అయితే ఎంత బరువు, ఎంత పరిమాణం. 2005లో మతాయి కేసులో రాయితో కొట్టిన గాయాన్ని సుప్రీంకోర్టు 326 నుంచి 325కి తగ్గించింది, ఆ రాయి పరిమాణాన్ని బట్టి అది ప్రమాదకర ఆయుధం అనలేమని. మనిషి పళ్లు ఆయుధం కావని షకీల్ అహ్మద్ కేసులో చెప్పింది, వేలు కొరికి తెంపినా 326 కాదు, 325 మాత్రమే. కాబట్టి చీమకుర్తి క్వారీ దగ్గర గ్రానైట్ ముక్కతో కొట్టారంటే ఆ ముక్క దొరకాలి, తూకం వేయాలి, మధ్యవర్తుల ముందు సీజ్ చేయాలి. పంచనామాలో "ఒక రాయి" అని రాస్తే 118 నిలబడదు. కొలతలు రాయమని దర్యాప్తు అధికారిని మర్యాదగా అడగండి, తప్పులేదు. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 105 ప్రకారం సోదా, సీజ్ వీడియో తీయాలి. ఆయుధం మీకు కనిపించినా తాకొద్దు. తెచ్చి స్టేషన్ బల్ల మీద పెట్టడం మంచి ఉద్దేశమే అయినా, దాని మీద రక్తం ఎవరిదన్న సాక్ష్యం అక్కడితో పాడవుతుంది.

హత్యాయత్నం, 109 సంగతి. గాయం లేకపోయినా ఈ నేరం జరగొచ్చు. చంపాలన్న ఉద్దేశం ఉండి, దానికోసం పని చేసి ఉంటే చాలు: 10 ఏళ్ల వరకు జైలు, జరిమానా. గాయం కూడా అయితే యావజ్జీవం వరకు. ఉద్దేశాన్ని కోర్టు మాటల్లో వెతకదు. ఏ ఆయుధం, ఒంట్లో ఏ భాగం మీద, ఎన్ని దెబ్బలు, ఎంత బలంగా, ఎవరైనా అడ్డుపడి ఆపారా, తనంతట తానే ఆపాడా అన్నది చూస్తుంది. "చంపుతానంటూ కొట్టాడు" అని ఫిర్యాదు రాసేవాళ్లు అలవాటుగా చేర్చే ఒక్క వాక్యంతో 109 నిలవదు. మెడ మీద వేటు వేయగలిగి ఉండీ కాలి మీద కర్రతో కొట్టినవాడి మీద 109 పెడితే కొన్ని వారాలు రిమాండ్‌లో ఉంటాడేమో, తీర్పులో మాత్రం 117 కో 115 కో దిగుతుంది. ఆ దిగడంలో ఫిర్యాది నమ్మకం కూడా దిగుతుంది. నా గట్టి అభిప్రాయం ఇది: ఉన్నది ఉన్నట్టు రాసిన చిన్న కేసు, పెంచి రాసిన పెద్ద కేసు కంటే ఎక్కువ శిక్ష తెస్తుంది.

ఇక ఆస్పత్రి. చాలా కేసులు ఇక్కడే బాగుపడతాయి లేదా చెడిపోతాయి, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

దెబ్బ తగిలిన వెంటనే 108కో 112కో ఫోన్ చేసి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కుట్లు వేయించుకుని మర్నాడు వెళితే గాయం అసలు రూపం పోతుంది. అంచులు ఎలా ఉన్నాయి, లోతెంత, లోపల మట్టి ఉందా అన్నవి పెద్ద డాక్టరు చూడలేడు. రక్తం ఆగడం లేదంటే దగ్గర్లో ఎవరున్నా కట్టు కట్టించుకోవాల్సిందే, ప్రాణం ముందు. కానీ ఆ తర్వాత అదేరోజు ప్రభుత్వ ఆస్పత్రిలో ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, నమోదు కావాలి. అక్కడ డాక్టరు రాసే మొదటి వాక్యం, ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు, ఎలా దెబ్బ తగిలిందని చెప్పారు అన్నది, కేసు మొత్తానికీ పునాది. పోలీసు గొడవ ఎందుకులే అని "బండి మీద నుంచి పడ్డా" అని చెప్పి, రెండో రోజు ఫలానావాడు కొట్టాడని ఫిర్యాదు ఇస్తే ఆ కేసును నిలబెట్టడం దాదాపు అసాధ్యం. తెలిసినవాళ్లు కర్రలతో కొట్టారు, ఫలానా చోట, ఫలానా గంటకు అని ఉన్నది చెప్పండి. కొట్టినవాళ్ల సంఖ్య, ఆయుధం కూడా చెప్పండి. తర్వాత ఫిర్యాదులో చెప్పేది దీనికి భిన్నంగా ఉండకూడదు.

ఊండ్ సర్టిఫికెట్‌లో, అంటే డాక్టరు ఇచ్చే గాయాల పత్రంలో, ప్రతి గాయానికీ పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో ఉండాలి, ఒంటి మీద చోటు ఉండాలి, గాయం వయసు, ఎలాంటి వస్తువుతో అయి ఉంటుందన్నది ఉండాలి. ఒక సాంకేతిక విషయం ఇక్కడ తెలుసుకోవాలి. తల, మోకాలి కింద ముందు ఎముక, కనుబొమ వంటి చోట్ల చర్మం కిందే ఎముక ఉంటుంది. అక్కడ కర్రతో కొట్టినా చర్మం కత్తితో కోసినట్టు చక్కగా చీలుతుంది. గాయపడినవాడు కత్తి అనుకుంటాడు, డాక్టరు అంచుల్లో కమిలిన గుర్తు చూసి మొద్దు వస్తువు అని రాస్తాడు. ఫిర్యాదులో కొడవలి, సర్టిఫికెట్‌లో కర్ర. ఇద్దరూ అబద్ధం చెప్పకపోయినా కేసు విరిగిపోతుంది. చూడని ఆయుధానికి పేరు పెట్టకండి. "వెనక నుంచి తల మీద ఏదో బలంగా తగిలింది" అని చెప్పడం నేరం కాదు, అది నిజమైతే అదే బలం.

ఎక్స్‌రే తీయకముందే చాలాసార్లు సర్టిఫికెట్ పోతుంది, "అభిప్రాయం తర్వాత" అని రాసి. ఆ తర్వాతది ఎవరూ తెచ్చుకోకపోతే చార్జిషీటులో గాయం సింపుల్‌గానే ఉండిపోతుంది. ఎక్స్‌రే ఫిల్మ్, రేడియాలజిస్టు రాసిన రిపోర్టు, రెండూ కేసులో చేరాలి, ఆ రేడియాలజిస్టు పేరు సాక్షుల జాబితాలో ఉండాలి. ఫిల్మ్ లేకుండా "ఎముక విరిగింది" అన్న మాట ఒక్కటే ఉంటే 117 పోయి 115(2) మిగులుతుంది. సీటీ స్కాన్ అయితే సీడీ కూడా దాచాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, రెఫరల్. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో మొదట చూసి నెల్లూరు పెద్దాసుపత్రికి పంపుతారు. కనిగిరి, మార్కాపురం నుంచి ఒంగోలుకు, అక్కడి నుంచి గుంటూరుకు. గూడూరు, సూళ్లూరుపేట వైపువాళ్లు నేరుగా చెన్నైకి పోతారు. ప్రతి చోటా కొంత కాగితం మిగిలిపోతుంది. చెన్నైలో ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ అయితే ఆ డాక్టరు మన కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కేస్‌షీటు, డిశ్చార్జ్ సమ్మరీ సర్టిఫైడ్ కాపీలు డిశ్చార్జ్ రోజే తీసుకుని దర్యాప్తు అధికారికి రసీదు మీద ఇవ్వండి. మూడేళ్ల తర్వాత ఆ డాక్టరు ఎక్కడున్నాడో వెతకడం కంటే ఇది సులువు.

ఆస్పత్రిలో చేరినవాళ్ల వాంగ్మూలం ఔట్‌పోస్టు పోలీసులో, సంబంధిత స్టేషన్ హెడ్డో వచ్చి రాసుకుంటారు. నెల్లూరులో రాసిన వాంగ్మూలం గొడవ జరిగిన ఊరి స్టేషన్‌కు చేరాక ఎఫ్ఐఆర్ అవుతుంది. ఈ దారిలో ఒకరోజు పోతే ఆలస్యం ఎందుకైందో ఎఫ్ఐఆర్‌లోనే రాయించాలి. మా పరిధి కాదనే మాట ఇప్పుడు చెల్లదు. బీఎన్ఎస్ఎస్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టి పంపాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, 118(1) ఇందులోకే వస్తుంది, కేసు కట్టేముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. 117(2)కీ, 118(2)కీ ఆ వెసులుబాటు లేదు. కేసు కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు.

రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు. నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టి ఇవ్వాలి, ప్లాస్టిక్ సంచిలో తడిగా పెడితే కుళ్లిపోతాయి. సీసీ కెమెరాల రికార్డు కొద్ది రోజులకే దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఏ దుకాణం ముందు, ఏ కల్యాణ మండపం ముందు కెమెరా ఉందో మొదటిరోజే రాసిచ్చి సేకరించమనాలి. ఫోన్‌లో తీసిన వీడియో ఆ ఫోన్‌లోనే ఉండాలి, వాట్సాప్‌లో వచ్చిన కాపీకి అంత విలువ లేదు. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ అనే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

ఫిర్యాదులో అందరి పేర్లూ ఎక్కించే అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. కొట్టింది ఇద్దరైతే తండ్రి, అన్నదమ్ములు, బావమరిది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు, అందర్నీ ఏ1 నుంచి ఏ9 దాకా రాస్తారు. ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అక్రమ గుంపు సెక్షన్లు 189, 190, 191 వస్తాయి, ఆయుధంతో అల్లరి అయితే 191(3) కింద 5 ఏళ్లు. గుంపులో ఉన్నందుకే ఒకడు చేసిన దానికి అందరూ బాధ్యులవుతారు కాబట్టి ఇది ఆకర్షణగా కనిపిస్తుంది. కానీ ఎవరు ఏం చేశారో వివరం లేకుండా "అందరూ కలిసి కొట్టారు" అంటే, ఒకడు ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నట్టు టవర్ రికార్డుతో తేలితే, మిగతా వాళ్ల మీద మాట కూడా అనుమానంలో పడుతుంది. నిజంగా కొట్టినవాడు ఆ అనుమానం చాటున బయటపడతాడు. అది గాయపడినవాళ్లకు జరిగే రెండో అన్యాయం.

ఎదుటివాళ్లు కూడా కేసు పెడితే, మనవాళ్లు అనే కౌంటర్ కేసు, రెండింటినీ ఒకే అధికారి దర్యాప్తు చేయాలి, ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విని తీర్పు చెప్పాలి. ఒకే జడ్జి వినాలన్నది 1990లో నాథీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి. ఎదుటివాడి ఒంటి మీద గట్టి దెబ్బలుండి, అవి ఎలా తగిలాయో మన సాక్షులు ఒక్క ముక్క చెప్పకపోతే కోర్టు మన కథనాన్ని నమ్మదు. ఆత్మరక్షణలో కొట్టి ఉంటే దాన్ని దాచకుండా చెప్పాలి. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది, అవసరానికి మించి కొట్టకూడదన్నదే హద్దు. ఉన్నట్టుండి తీవ్రంగా రెచ్చగొడితే చేసిన గ్రీవియస్ గాయానికి 122(2) కింద శిక్ష 5 ఏళ్లకు, లేదా 10,000 జరిమానాకు తగ్గుతుంది. పాత పగతో వారం తర్వాత కాపుకాసి కొడితే అది రాదు.

గాయపడినవాళ్లు ఎస్సీ, ఎస్టీలైతే, కొట్టినవాళ్లు కాకపోతే, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కలుస్తుంది. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన మారణకాండ గుర్తున్న నేల ఇది, ఈ చట్టం ఎందుకు పుట్టిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. 10 ఏళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాన్ని, బాధితుడి కులం తెలిసి చేస్తే సెక్షన్ 3(2)(5) కింద యావజ్జీవ కారాగారం, జరిమానా. 118(2), 109 రెండూ ఈ పరిధిలోకి వస్తాయి. ముందస్తు బెయిల్ దారి సెక్షన్ 18 మూసేస్తుంది, దర్యాప్తు డీఎస్పీ చేయాలి, విచారణ ప్రత్యేక కోర్టులో. కుల ధ్రువీకరణ పత్రం తహసీల్దారు నుంచి త్వరగా తెచ్చి ఇవ్వండి. రెండు వైపుల పత్రాలూ ఫైల్లో ఉండాలి.

బెయిల్ గురించి క్లుప్తంగా. 7 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు, బీఎన్ఎస్ఎస్ 35(3) ప్రకారం నోటీసు ఇచ్చి పిలవొచ్చు. కాబట్టి 118(1) నాన్ బెయిలబుల్ అయినా నోటీసుతో సరిపెట్టడం తప్పు కాదు, పోలీసులు అమ్ముడుపోయారని వెంటనే అనుకోవద్దు. నోటీసు అందుకున్నవాడు మాత్రం పిలిచిన రోజు వెళ్లి తీరాలి, వెళ్లకపోతే అరెస్టుకు అదే కారణమవుతుంది. 118(2), 109లలో ముందస్తు బెయిల్‌కు బీఎన్ఎస్ఎస్ 482 కింద జిల్లా కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. అరెస్టయ్యాక 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కు అవుతుంది. 118(1)లో అది 60 రోజులు.

ఇప్పుడు అసలు శిక్ష. 118(2)లో యావజ్జీవం అని రాసి ఉన్నా ఆ కేసును విచారించేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్. ఆ కోర్టు ఇవ్వగలిగింది 3 ఏళ్ల జైలు, 50,000 జరిమానా వరకే. అంతకంటే ఎక్కువ అవసరమని మేజిస్ట్రేట్ అనుకుంటే కేసును చీఫ్ జుడిషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి, ఆయన 7 ఏళ్ల దాకా వేయగలరు. 109 లాంటి సెషన్స్ కోర్టు విచారించే నేరం కూడా ఉంటేనే కేసు సెషన్స్‌కు వెళుతుంది. అందువల్ల కావలిలోనో దర్శిలోనో నడిచే 118(2) కేసులో వాస్తవంగా ఆశించాల్సింది ఏడాది నుంచి 3 ఏళ్ల మధ్య. 117(2), 118(1)లో మొదటిసారి నేరం చేసినవాళ్లకు 1958 ప్రొబేషన్ చట్టం కింద జైలు లేకుండా మంచి నడవడి బాండు మీద వదలొచ్చు. యావజ్జీవం పడగల 118(2)కి అది వర్తించదు. రిమాండ్‌లో గడిపిన రోజులు శిక్షలో తగ్గుతాయి.

రాజీ మాట. పెద్దమనుషులు కూర్చుని వైద్య ఖర్చులు ఇప్పించి కాగితం రాయిస్తే కేసు దానంతటదే పోదు. 115(2)లో గాయపడినవాడు ఒప్పుకుంటే రాజీ అవుతుంది. 117(2)లో కోర్టు అనుమతి కావాలి. 118(1), 118(2), 109 రాజీ పడదగినవి కావు, లోక్ అదాలత్ కూడా వాటిని తీసుకోలేదు. బీఎన్ఎస్ఎస్ 528 కింద కేసు కొట్టేయమని హైకోర్టును అడగొచ్చు కానీ, హత్యాయత్నం కేసును రాజీ ఒక్కదాని మీదే కొట్టేయకూడదని, గాయం, ఆయుధం చూడాలని 2019లో లక్ష్మీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు తీసుకుని సాక్షులు అడ్డం తిరగడమే మన దగ్గర నడుస్తున్న దారి. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం వేరే నేరమని ఆ పెద్దమనుషులు సాక్షికి చెప్పరు. కట్టు కూడా విప్పని మనిషిని రాజీకి కూర్చోబెట్టడం నాకు ఎప్పటికీ సరైనదిగా తోచదు.

గాయపడినవాళ్లకు కోర్టు పరిహారం ఇప్పించగలదు, బీఎన్ఎస్ఎస్ 395 కింద. అడగకపోతే చాలాసార్లు రాదు. ఆస్పత్రి బిల్లులు, కోల్పోయిన కూలి లెక్క ఏపీపీ, అంటే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వ లాయరు, ద్వారా తీర్పుకు ముందే పెట్టాలి. 396 కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి కూడా పరిహారం కోరవచ్చు, ముద్దాయి దొరక్కపోయినా సరే. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లో ఆ కార్యాలయాలున్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు, జైల్లో ఉన్న ముద్దాయికి కూడా ఉచిత లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితుడికి తెలియజేయాల్సిన బాధ్యత 193 కింద పోలీసులదే.

ముద్దాయి వైపు కూడా ఒక సంగతి. కేసు నడుస్తుండగా కువైట్ వెళ్లాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా విచారణ కోర్టు అనుమతి తీసుకోవాలి. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తులో కేసు సంగతి దాస్తే, తర్వాత కొట్టేసినా దాచినందుకు ఉద్యోగం పోవచ్చు.

మేజిస్ట్రేట్ కోర్టు 3 ఏళ్ల వరకు శిక్ష వేస్తే, అప్పీలు వేసుకోవడానికి అదేరోజు అదే కోర్టు బెయిల్ ఇవ్వగలదు. తీర్పు రోజు సాయంత్రానికి ముద్దాయి ఊళ్లో కనిపిస్తే శిక్ష రద్దయిందని కాదు. ముద్దాయి 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. కేసు కొట్టేసినా, తక్కువ సెక్షన్ కింద శిక్ష వేసినా, పరిహారం చాలకపోయినా గాయపడినవాళ్లు బీఎన్ఎస్ఎస్ 413 కింద సొంతంగా అప్పీలు వేయొచ్చు. శిక్ష మాత్రమే తక్కువైందంటే ఆ అప్పీలు ప్రభుత్వం వేయాలి, దానికోసం తీర్పు కాపీ జత చేసి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు వినతిపత్రం ఇవ్వాలి.